సోవియట్ యూనియన్‌కి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో చనిపోయింది. ఈ సంగతి మా విశ్వవిద్యాలయానికి ముప్పై రెండేళ్ల తర్వాత, మార్చి నాలుగో తారీఖు ఉదయం పదకొండున్నరకి తెలిసింది. చెప్పింది నేనే. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

నా పేరు మేదిని. సోవియట్ అధ్యయన కేంద్రంలో పిహెచ్‌డీ, ఏడో ఏడు. ఏడేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది, ఏడేళ్ల చదువు చెత్తబుట్టలోకి పోతుంది. నా గడువు మార్చి ముప్పై. నేను తొందరపడే మనిషిని కాబట్టి ఇరవై ఆరు రోజుల ముందే థీసిస్ బైండింగ్ కూడా చేయించి, నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాలతో ఐదు కాపీలు రెండు చేతులా మోసుకుంటూ అకడమిక్ సెక్షన్ మెట్లెక్కాను. థీసిస్ పేరు 'సోవియట్ అనంతర రష్యా రాజకీయాలు, పశ్చిమ దేశాలతో సంబంధాలు'.

సెక్షన్ సూపరింటెండెంట్ కనకమహాలక్ష్మి గారు అట్ట మీది పేరు రెండుసార్లు చదివారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు.

"అనంతర అంటే?"

"తర్వాత అని మేడమ్."

"దేని తర్వాత?"

"సోవియట్ యూనియన్ పోయాక మేడమ్."

"పోయిందా?" అన్నారావిడ. నిజంగానే బాధపడ్డారు. "మాకు ఇంటిమేషన్ లేదే."

బీరువాలోంచి ఒక రిజిస్టరు తీసి దుమ్ము దులిపి నా ముందు పెట్టారు. మా కేంద్రం పెట్టింది 1974లో. పరిధి అనే గడిలో సోవియట్ యూనియన్ అని ఉంది. రష్యా అని ఎక్కడా లేదు. అంటే నేను వేరే దేశం మీద థీసిస్ రాసి ఈ కేంద్రం పేరుతో పట్టుకొచ్చాను. అట్లా తీసుకోవడానికి రూల్ లేదు.

"రష్యా దాని వారసదేశమే మేడమ్. ఐక్యరాజ్యసమితిలో కుర్చీ కూడా దానికే ఇచ్చారు."

"కుర్చీ వాళ్లు ఇచ్చుకున్నారమ్మా. మనకి కాపీ పెట్టారా?"

పెట్టలేదు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. గొంతు తగ్గించి, "మా మావగారు పోయినప్పుడు మేం కూడా తిరిగాం. తహసీల్దార్ ఆఫీసుకెళ్లి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకో. పోయినవారు ఫలానా, వారసులు ఫలానా అని ఉంటే చాలు, నేను ఒక్క నిమిషం ఆపను" అన్నారు. అని, ఫైల్లో ఇలా రాశారు: 'సదరు దేశము మరణించినట్లు అభ్యర్థిని మౌఖికముగా తెలియజేసినందున, సదరు మరణమును, వారసత్వమును ధ్రువీకరించు పత్రము దాఖలు పరచు వరకు సదరు సిద్ధాంత గ్రంథమును స్వీకరించుటకు వీలుపడదు.'

ఐదు కాపీలూ మళ్లీ మోసుకుంటూ మా హెడ్ దగ్గరికి వెళ్లాను.

మా హెడ్ ప్రొఫెసర్ యలవర్తి గగారిన్ బాబు. ఆయన పుట్టిన వారంలోనే మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లొచ్చాడు, వాళ్ల నాన్నగారు పార్టీ మనిషి, ఇంకేం పేరు పెడతారు. రెండేళ్లకి పుట్టిన చెల్లెలు వాలెంటీనా. ఆవిడ గుంటూరులో బ్యాంకులో చేస్తున్నారు.

"చచ్చిపోయిందని ఎవరన్నారు?" అన్నారు సార్.

"నేనే సార్. అట్ట మీద కూడా వేయించాను."

"పేరు మార్చుకుంటే మనిషి పోయినట్టా? మా బాబాయి గెజిట్‌లో పేరు మార్చుకున్నాడు. ఇప్పటికీ ఉన్నాడు, తెనాల్లో."

ఇక్కడ మా అంతస్తు గురించి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆర్ట్స్ బ్లాకు మొదటి అంతస్తులో పడమటి చివర అమెరికా అధ్యయన కేంద్రం, తూర్పు చివర మేము. మధ్య గదులన్నీ ఒకప్పుడు మావే. జర్మన్ గది, పోలిష్ గది, చెక్ గది, హంగేరియన్ గది, అలా వరసగా భాషలు చెప్పేవారట. 91 తర్వాత జర్మన్ గది కావాలని అమెరికా కేంద్రం నుంచి ప్రొఫెసర్ భానుమూర్తి గారు, ఇప్పటి హెడ్, వచ్చి అడిగారట. టీ తాగుతూ, "ఈ ఒక్క గది చాలు గగారిన్, ఇంక మేం ఒక్క బెంచీ కూడా తూర్పుకి జరపం" అన్నారట. తర్వాత పోలిష్ గది వెళ్లింది. చెక్ వెళ్లింది. హంగేరియన్ వెళ్లింది.

ఈ విషయం మీద భానుమూర్తి గారిని నేను ఇంటర్వ్యూ చేశాను, థీసిస్ కోసం కాదు, ఊరికే. ఆయన చెప్పింది ఇదీ: "అలాంటి మాట నేను అనలేదు. అన్నా జర్మన్ గది గురించి అన్నాను. అదైనా టీ టైములో అన్నాను, ఆఫీసు టైములో కాదు. అయినా మేమేమైనా గదుల్ని లాక్కున్నామా? ఆ గదుల్లో పిల్లలే మా వైపు కూర్చుంటామని అర్జీ పెట్టుకున్నారు. మా వైపు ఏసీ ఉంది."

అప్పటి పిల్లల్ని వెతికి అడిగాను. నిజమే, అర్జీ పెట్టుకున్నారు. మా సార్ క్లాసులో కూర్చోవడం కంటే ఎక్కడైనా నయం అన్నారు.

"రాసివ్వమని ఎందుకు అడగలేదు సార్?" అని గగారిన్ సార్‌ని అడిగితే, "పెద్దమనిషి కదా అనుకున్నాను" అని కిటికీలోంచి బయటికి చూశారు.

ఇప్పుడు రెండు కేంద్రాల మధ్య మిగిలింది ఒక్క గది. ఉక్రేనియన్ గది. అందులో నా బల్ల, నా కుర్చీ, ఒక కిటికీ ఉన్నాయి. నేను చేరినప్పుడు దానికి ఒక పెద్ద ఇనప తాళం ఉండేది. చిన్నపిల్లవి, అంత తాళం నీకెందుకు, మాకిచ్చెయ్, నీ బల్ల జోలికి ఎవరూ రాకుండా మేం చూసుకుంటాం అని ఇద్దరు ప్రొఫెసర్లూ కాగితం మీద రాసిచ్చారు. తాళం గగారిన్ సార్ తీసుకున్నారు. రెండేళ్ల కిందట ఒక ఉదయం వచ్చేసరికి ఆయన బీరువా నా గదిలో సగం దాకా వచ్చి ఉంది. "చరిత్ర చూస్తే ఈ గది ఎప్పుడూ మాదేనమ్మా" అన్నారు. భానుమూర్తి గారు దీన్ని తీవ్రంగా ఖండించి, నాకు ఒక టేబుల్ ఫ్యాన్ పంపించారు.

సరే, తహసీల్దార్ ఆఫీసు.

వీఆర్వో అప్పలనర్సయ్య గారు దరఖాస్తు ఫారం ముందేసుకుని, పెన్ను మూత తీసి, తలెత్తకుండా అడిగారు.

"ఎవలు పోనారమ్మా?"

"సోవియట్ యూనియన్ అండి."

"ఎప్పుడు?"

"తొంభై ఒకటి డిసెంబరు. ఇరవై ఐదు సాయంత్రం జెండా దించారు. ఇరవై ఆరున సభ కూర్చుని ఇంక లేదని తీర్మానం చేసింది."

"అంటే పోనాక ఒక రోజు ఇంట్లో ఉంచీసినారన్నమాట. చుట్టాలు రావాలి కదా మరి." రాసుకున్నారు. "ఏటయింది? సహజమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా?"

ఈ ప్రశ్నకి ఎన్ని పుస్తకాలున్నాయో ఆయనకి తెలియదు. గగారిన్ సార్ హత్య అంటారు. భానుమూర్తి గారు సహజ మరణం, వయసైపోయింది అంటారు. నేను రెండో అధ్యాయంలో అరవై పేజీలు రాసి, దీర్ఘకాలిక అనారోగ్యం, ఆపైన వైద్యం వికటించడం అని తేల్చాను. అదే చెప్పాను.

"హత్యయితే పోలీసు కాగితాలు కావాలి. ఆత్మహత్యయినా అంతే. సహజం అని రాసీ, నీకూ నాకూ సుఖం" అన్నారు. ఆ రకంగా ఇరవయ్యో శతాబ్దపు ఒక పెద్ద చర్చ అరనిమిషంలో ముగిసింది.

"పిల్లలెంతమంది?"

"పదిహేను."

పెన్ను ఆగింది. మొదటిసారి తలెత్తారు. "పాత కాలం మనిషి" అన్నారు మెచ్చుకోలుగా.

వంశవృక్షం గీశాను. ముగ్గురి దగ్గర ఆగాను. బాల్టిక్ దేశాలవి. వాళ్లు అసలు తాము పిల్లలమే కాదంటారు, చిన్నప్పుడు బలవంతంగా ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నారంటారు.

"అయితే వాటా అడగరు. మంచిదే. పక్కన 'సంబంధం లేదు' అని రాసీ. మిగిల్నోళ్లు పన్నెండు. ఆఖర్ని ఎవలున్నారు దగ్గర?"

"కజకిస్తాన్ అండి. అందరూ వెళ్లిపోయామని చెప్పాక చివరికి వెళ్లింది."

"కుర్చీ ఎవలికొచ్చింది?"

"రష్యాకి. బాంబులు, విదేశాల్లో ఉన్న ఇళ్లు కూడా."

"ఆఖరి దాకా ఉన్నోడొకడు, అన్నీ పట్టుకుపోయినోడొకడు." ఆయన పెన్ను కింద పెట్టేశారు. "ఊరి పెద్దలు ఎలా ఒప్పుకున్నారమ్మా?"

ఏడేళ్లు చదివాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "బాంబులన్నీ ఒకడి దగ్గరే ఉంటే లెక్క తేలిగ్గా ఉంటుందనుకున్నారండి" అన్నాను.

"మా ఊర్లో కూడా అంతే" అని ఆయన నిట్టూర్చి, నోటీసు టైపు చేయించారు.

నోటీసు మా అంతస్తు బోర్డుకి కూడా అంటించారు. 'కీర్తిశేషులు సోవియట్ యూనియన్ వారి వారసత్వ విషయమై ఎవరికైనను అభ్యంతరములున్న యెడల పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.' కింద ఎవరో పూలదండ బొమ్మ వేశారు.

పద్నాలుగో రోజున రెండు అభ్యంతరాలు వచ్చాయి. మా అంతస్తు నుంచే.

భానుమూర్తి గారిది నాలుగు పేజీలు. సదరు దేశం చనిపోయిందన్నది నిర్వివాదం. కానీ ప్రజాస్వామ్య పరీక్షలో నెగ్గిన వారసుడు ఒక్కడూ లేనందున, వారసులు లేని కేంద్రాన్ని పడమటి వైపు పొరుగువారికి అప్పగించాలి. గగారిన్ సార్‌ది ఒకటే పేజీ. సదరు దేశం చనిపోలేదు. చనిపోయినట్టు ప్రచారం చేస్తున్నది ఎవరో అందరికీ తెలుసు.

నాకు కావలసిందేమో ఆ దేశం చచ్చిపోవాలి, వారసుడూ ఉండాలి. బతికున్నా నా థీసిస్ పోయింది, దిక్కులేకుండా చచ్చినా పోయింది. మార్చి ఇరవై ఏడున విచారణ. అంటే నాకు మిగిలింది మూడు రోజులు.

తహసీల్దార్ మేడమ్ ఇద్దరి వాదనా ఓపిగ్గా విన్నారు. భానుమూర్తి గారు ప్రజాస్వామ్యం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు, మధ్యలో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ముప్పై ఏళ్లలో అక్కడ ఎన్నికలన్నీ జరిగాయనీ, కానీ గెలిచేదెవరో ముందురోజే తెలిసిపోతుందనీ, దాన్ని వారసత్వం అనరు అలవాటు అంటారనీ చెప్పారు. గగారిన్ సార్ లేచి, "మీ అమెరికా కేంద్రంలో మీరే పద్దెనిమిదేళ్లుగా హెడ్ కదా" అన్నారు.

"నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకుంటున్నారు."

"మీ కేంద్రంలో ఓటున్నది మీకొక్కరికే."

"కూర్చోండి" అన్నారు మేడమ్. "చావు గురించి చెప్పడానికి ఇరుగుపొరుగు సాక్షి ఉన్నారా?"

ఉన్నారు. పడమటి పొరుగు భానుమూర్తి గారు కాబట్టి, తూర్పు పొరుగు కావాలన్నారు అప్పలనర్సయ్య గారు. మా కేంద్రానికి తూర్పున మెట్లు, మెట్ల కింద క్యాంటీను. క్యాంటీను పైడితల్లి పిన్నిని నేను బతిమాలి ఆటోలో తీసుకొచ్చాను. పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుని నిలబడింది.

"మీకు మరణించినవారు తెలుసా?" అడిగారు మేడమ్.

"తెలవకేటమ్మా. పైనుంచి బొమ్మల పుస్తకాలు వచ్చీవి. నున్నటి కాగితం, దళసరిది. మా పిల్లల పుస్తకాలకి అట్టలేసీదాన్ని. ఏడాది తిరిగొచ్చినా చిరిగీది కాదు. మిగిల్న కాగితం మీద బజ్జీలు పెట్టీదాన్ని, నూని పీల్చీది కాదు."

"తర్వాత?"

"తొంబై రెండులో మా పెద్దది ఆరో క్లాసుకొచ్చింది. అట్టలెయ్యడానికి కాగితం లేదు. పైకెళ్లి అడిగితే ఈ బాబే" అని గగారిన్ సార్‌ని చూపించింది, "కళ్లనీళ్లు పెట్టుకుని 'ఇంక రావు పైడితల్లీ' అన్నాడు. ఆ రోజే అనుకున్నాను, పోనాదని."

గగారిన్ సార్ జేబురుమాలు తీసుకున్నారు. మూడు దశాబ్దాలుగా ఆయన ఇంకెవరి ముందూ ఒప్పుకోని మాట అది, నాకూ తెలియదు.

"మరణం రుజువైంది" అని రాసుకున్నారు మేడమ్. "వారసులు పన్నెండుమంది. పోర్టల్లో ఎక్కించండి."

పోర్టల్ పదిమందినే తీసుకుంటుంది.

మర్నాడంతా అప్పలనర్సయ్య గారూ నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని ఏ రెండు దేశాల్ని తీసెయ్యాలా అని చర్చించాం. పెద్ద పెద్ద దేశాల నాయకులు పటాల మీద గీతలు గీసినప్పుడు కూడా ఇట్లాగే మధ్యాహ్నం ఆకలితో గీసి ఉంటారని నాకు అనిపించింది. రెండు పేర్లు కొట్టేసి, మొదటి వారసుడి గడిలో రష్యా అని టైపు చేశాక, అసలు సంగతి బయటపడింది. వారసుడి ఆధార్ నంబరు తప్పనిసరి.

"రష్యాకి ఆధార్ లేదేటమ్మా?"

"లేదండి."

"ఉక్రెయిన్‌కి?"

"లేదండి."

కొట్టేసినవాళ్లతో కలిపి పన్నెండుమందినీ అడిగారు. పన్నెండుమందికీ లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఆధార్ లేనివాడు వారసుడెలా అవుతాడని పైకే ఆలోచించి, స్క్రీన్ మీదికి వంగి చూశారు. దరఖాస్తుదారు గడిలో ఒక్క నంబరు పచ్చగా మెరుస్తోంది. నాది.

"నీకుంది కదమ్మా."

"నేను దరఖాస్తు పెట్టాను అంతేనండి. నేను..."

"సంబంధం. భార్య, కొడుకు, కూతురు, తల్లి. ఏటి పెట్టమంటావు?"

"అయ్యో, నేను పుట్టింది 93లో అండి. అప్పటికి పోయి ఏడాదిన్నర."

"కంప్యూటర్ ఒప్పుకుంటాదో లేదో సూద్దాం" అని 'కూతురు' మీద నొక్కారు. ఒప్పుకుంది. టక్కున రసీదు వచ్చింది. పోర్టల్ అంత తొందరగా ఒప్పుకోవడం తన సర్వీసులో చూడలేదని ఆయన ఆశ్చర్యపోయారు.

మార్చి ముప్పై, మధ్యాహ్నం మూడు. 'కీ.శే. సోవియట్ యూనియన్ గారి ఏకైక వారసురాలు: కుమారి మేదిని, కూతురు, వయసు 30.' తహసీల్దార్ సంతకం, గుండ్రటి సీలు. ఆ కాగితాన్ని ఐదు కాపీల మీద పెట్టి కనకమహాలక్ష్మి గారి బల్ల మీద ఉంచాను. ఇందులో నా థీసిస్ గురించి ఏమీ లేదు, రష్యా పేరే లేదు, ఈవిడ ఇప్పుడు ఏదో ఒకటి అంటారు, అయిపోయింది.

ఆవిడ చదివారు. కళ్లజోడు తీసి లేచి నిలబడ్డారు.

"నాన్నగారా" అన్నారు. "ముందే చెప్పొచ్చు కదమ్మా. నేను ఏదేదో అన్నాను ఆ రోజు."

నేను ఐదు కాపీలూ ఆవిడ వైపు ఇంకాస్త జరిపాను.

"కూర్చో. మంచినీళ్లు తాగు." ఫైలు తెరిచి రాశారు: 'సదరు కేంద్రము యొక్క వారసురాలు తానే స్వయముగా సిద్ధాంత గ్రంథము సమర్పించినందున, ఆమె ఏ దేశముపై వ్రాసినను అది కుటుంబ విషయముగా పరిగణించి స్వీకరించడమైనది.' ఐదు కాపీల మీదా ఐదు సీళ్లు పడ్డాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ పైన ఇంకో వాక్యం కూడా రాసి మా అంతస్తుకి కాపీ పంపారు: 'సదరు కేంద్రమునకు చెందిన గదులు, బల్లలు, బీరువాలు ఇకపై సదరు వారసురాలికి సంక్రమించును.'

నేను నా గదికి చేరేసరికి ఇద్దరు ప్రొఫెసర్లూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లిద్దరూ ఒకే చోట నిలబడటం నేను చూడటం అదే మొదలు. పైడితల్లి పిన్ని చేతిలో పళ్లెం, మూడు టీలు.

"కంగ్రాట్స్ అమ్మా" అన్నారు భానుమూర్తి గారు. "ఈ గది నీది. మేం ఆ స్తంభం దాటి ఇటు రాం. నా మాట."

"నా బీరువా తీసేస్తాను తల్లీ" అన్నారు గగారిన్ సార్. "నీ సరిహద్దుని గౌరవిస్తున్నాను."

"రాసిస్తారా సార్?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మామీద నమ్మకం లేదా?" అన్నారు భానుమూర్తి గారు.

"అలా కాదు సార్. నా మూడో అధ్యాయం రాయించుకోనివాళ్ల గురించి."

ఇద్దరూ నవ్వేశారు. చక్కగా కూర్చుని చెరో కాగితం మీద రాశారు, తారీఖు వేశారు, సంతకాలు పెట్టారు, పైడితల్లి పిన్ని చేత సాక్షి సంతకం పెట్టించారు. టీ తాగి, భుజాల మీద చేతులేసుకుని వెళ్లిపోయారు. బీరువా మాత్రం అక్కడే ఉంది.

"నాలుగో అధ్యాయం దేని గురించమ్మా?" అంది పిన్ని, గ్లాసులు తీస్తూ.

"రాసిచ్చినవాళ్ల గురించి పిన్నీ."

పిన్ని పళ్లెం కింద పెట్టేసింది. కొంగు నడుముకి దోపుకుని బీరువాకి ఒక పక్క పట్టింది, నేను రెండో పక్క పట్టాను, ఇద్దరం కలిసి వరండాలోకి తోసేశాం. కాగితాలు రెండూ జాగ్రత్తగా ఫైల్లో పెట్టాను. తర్వాత బజారుకెళ్లి తాళం కొన్నాను, ఇనపది, పెద్దది. షాపతను మూడు తాళంచెవులిచ్చాడు.

మూడూ నా దగ్గరే ఉన్నాయి.